పొదుపు సంఘానికి కొత్త లీడరునయ్యాను, అందరూ నన్ను నమ్మేదెలా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. మా పొదుపు సంఘంలో పది మందిమి. పన్నెండేళ్లుగా ఒకావిడే లీడరు. లెక్కలు సరిగ్గా చెప్పదని గుసగుసలు మొదలయ్యేసరికి ఆవిడే తప్పుకుంది. పోయిన నెల నన్ను మొదటి లీడరుగా పెట్టారు. బ్యాంకులో 6 లక్షల లోను నడుస్తోంది. తలా 60 వేలు తీసుకున్నాం, నెలకు తలా 2,000 కట్టాలి. ఇద్దరు మూడు నెలలుగా కట్టడం లేదు. మీటింగుకి నలుగురే వస్తారు, మిగతావాళ్లు పిల్లల చేత డబ్బు పంపిస్తారు. నేను పదో తరగతి వరకే చదివాను, నలుగురిలో మాట్లాడాలంటే గొంతు పెగలదు. వీళ్లు నన్ను నమ్మాలన్నా, మళ్లీ హుషారుగా ముందుకు రావాలన్నా ఏం చేయాలి?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ మాట్లాడే బెంగ పక్కన పెట్టండి. మీ సంఘంలో దెబ్బతిన్నది డబ్బు మీద నమ్మకం. వసూలైన ప్రతి రూపాయినీ అందరి ముందు లెక్కపెట్టి, అందరికీ వినపడేలా చెప్పి, మర్నాడే బ్యాంకులో వేస్తే ఆ నమ్మకం మళ్లీ వస్తుంది. 'నన్ను నమ్మండి' అని ఎవరినీ అడగాల్సిన పని పడకుండా సంఘాన్ని నడపాలి. దానికి ఉపన్యాసాలు అక్కర్లేదు. మన రాష్ట్రంలో ఈ పొదుపు ఉద్యమానికి నాంది పలికింది 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్లు. దూబగుంట రోశమ్మ, ఆమె వెంట నడిచినవాళ్లు రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న కూలి మనుషులే. ఊళ్లో దుకాణం మూయించాలని తీర్మానించుకున్నారు, మూయించారు. వాళ్లతో పోలిస్తే మీ పదో తరగతి చాలా ఎక్కువ.

ఇక పనిలోకి వద్దాం. మీరు మొదట చేయాల్సింది పాత లీడరు దగ్గర్నుంచి పుస్తకాలు తీసుకోవడం, అదీ రాతపూర్వకంగా. తీర్మానాల పుస్తకం, పొదుపు ఖాతా పాసుబుక్కు, లోను పాసుబుక్కు, చెక్కుబుక్కు, సభ్యుల పాసుపుస్తకాలు, నగదు పుస్తకం, చేతిలో ఉన్న నగదు ఎంతైతే అంత. వీటి జాబితా తీర్మానాల పుస్తకంలోనే రాసి, ఇచ్చినవారు, తీసుకున్నవారు, మరో ఇద్దరు సభ్యులు సంతకాలు పెట్టండి. ఖాళీ కాగితం మీదో, రాయని విత్‌డ్రాయల్ ఫారం మీదో ముందే పెట్టిన సంతకాలు, వేలిముద్రలు కనిపిస్తే అక్కడే చింపేయండి. 'మళ్లీ మళ్లీ తిరగలేం' అని ముందే సంతకాలు చేసి పెట్టుకోవడం చాలా సంఘాల్లో అలవాటు. సంఘాల్లో డబ్బు మాయమైన సంగతులు తవ్వితే ఈ అలవాటు తరచూ బయటపడుతుంది.

ఆ వెంటనే బ్యాంకులో సంతకాలు మార్పించండి. కొత్త లీడర్లను ఎన్నుకున్న తీర్మానం నకలు, మొదటి, రెండో లీడర్లు మీ ఇద్దరి ఫొటోలు, ఆధార్, పాన్ కాగితాలు అడుగుతారు. ఇది పూర్తయ్యేదాకా బ్యాంకు లెక్కలో పాత లీడరే లీడరు, డబ్బు తీసే అధికారం ఆవిడదే. ఖాతాకి ఏ ఫోను నంబరు ఇచ్చి ఉందో కూడా అడగండి. పాత లీడరు కొడుకుదో, భర్తదో అయి ఉంటుంది, మెసేజీలన్నీ వాళ్లకే పోతుంటాయి. దాన్ని మార్పించి మీ నంబరు పెట్టించండి. మీ ఇంటాయన నంబరు మాత్రం వద్దు. లీడరు భర్త సంఘం లెక్కల్లో వేలు పెట్టాడన్న మాట ఊళ్లో ఒక్కసారి పుట్టిందంటే దాన్ని తుడవడం మహా కష్టం.

అదే రోజు రెండు ఖాతాలకీ కనీసం ఏడాది స్టేట్‌మెంట్ తీసుకోండి. పొదుపు ఖాతాది ఒకటి, లోను ఖాతాది ఒకటి. ఇంటికొచ్చి వాటిని పక్కపక్కన పెట్టుకుని ఒక్క సంగతి వెతకండి. ఇద్దరు కట్టనప్పుడు నెలకు 4,000 తక్కువ పడాలి. పది మంది కలిసి 20,000 కట్టాల్సిన చోట 16,000 మాత్రమే వెళ్లి ఉండాలి. అయినా లోను ఖాతాలో 20,000 పూర్తిగా పడి ఉంటే, ఆ 4,000 ఎక్కణ్నుంచి వచ్చింది? చాలా చోట్ల బ్యాంకు ఆ తక్కువ పడ్డ మొత్తాన్ని సంఘం పొదుపు ఖాతాలోంచి తీసుకుని కిస్తీకి జమ చేసేస్తుంది. అంటే మిగతా ఎనిమిది మంది దాచుకున్న సొమ్ము వాళ్లకు తెలియకుండానే కరిగిపోతూ ఉంటుంది. 'మా పొదుపు ఎంతుందో చెప్పదు' అని పాత లీడరు మీద పడ్డ నింద వెనక ఉన్నది ఇదే కావచ్చు. ఆవిడ డబ్బు తినకపోయి ఉండొచ్చు, ఎక్కడికి పోయిందో ఆవిడకే తెలియకపోయి ఉండొచ్చు. కనుక లెక్కలు తేలకముందే ఎవరి మీదా మాట తూలకండి. తేడా నిజంగా కనిపిస్తే మీరొక్కరే తేల్చాలని చూడొద్దు. గ్రామ సంఘానికి (మీ ఊరి పొదుపు సంఘాలన్నీ కలిసిన సంఘం) రాతపూర్వకంగా చెప్పి, సంఘాలను పర్యవేక్షించే సీసీ గారి సమక్షంలో పుస్తకాలు చూపించండి. మీ చేతికి వచ్చిన తేదీ నాటికి నిల్వ ఎంత అన్నది అందరి సంతకాలతో రాసి ఉంటే ముందరి లెక్కకు మీరు బాధ్యులు కారు. అది రాయించుకోకపోతే రేపు ఆ భారం మీ నెత్తి మీదే పడుతుంది.

ఇప్పుడు మీటింగు. మీ కష్టాలన్నిటికీ మందు ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాం.

కూలికి వెళ్లి వచ్చి, వంటలు ముగిసే వేళ చూసి పెట్టండి. రాత్రి ఏడున్నర అనుకుంటే ఏడున్నరకే మొదలవ్వాలి. నలుగురే వచ్చినా సరే, హాజరు రాసి మొదలుపెట్టండి. మిగతావాళ్ల కోసం ఎదురుచూస్తే టైముకి వచ్చిన నలుగురికి శిక్ష వేసినట్టు అవుతుంది, పై నెల వాళ్లూ ఆలస్యంగానే వస్తారు. గంటలో ముగించండి. కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చోవద్దు. అందరితోపాటు చాప మీద, గుండ్రంగా కూర్చోండి. దీనివల్ల ఒక ఉపయోగం ఉంది: డబ్బు మధ్యలో పెడితే పది జతల కళ్లకీ కనిపిస్తుంది.

పోయిన మీటింగులో ఏం అనుకున్నామో చదవడంతో మొదలుపెట్టాలి. 'పదిహేనో తారీఖున బ్యాంకుకి వెళ్లి ఫలానా పని అడిగి వస్తామన్నాం, వెళ్లాం, ఇదీ సంగతి' అని చెప్పాలి. వెళ్లలేకపోతే వెళ్లలేకపోయామనే చెప్పాలి. తర్వాత వసూలు. మీ సొంత పొదుపు, మీ సొంత కిస్తీ అందరికన్నా ముందు చాప మీద పెట్టండి. ఒక్కొక్కరు ఇచ్చేటప్పుడు పేరు, పొదుపు ఎంత, కిస్తీ ఎంత అని పైకి చెప్పి, ఆ సభ్యురాలి పాసుపుస్తకంలో అక్కడికక్కడే రాయండి. ఇంటికెళ్లి తీరిగ్గా రాద్దామనుకుంటే అనుమానానికి మీరే తావిచ్చినట్టు.

నోట్లు లెక్కపెట్టే పని మాత్రం మీరు చేయొద్దు. ఆ పని నెలకొకరికి ఇవ్వండి. ఒకరు లెక్కపెడితే ఇంకొకరు మళ్లీ సరిచూడాలి, ఆ మొత్తం పైకి చెప్పాలి, అప్పుడు పుస్తకంలో పడాలి. తలా 200 పొదుపు అయితే 2,000, కిస్తీలు 20,000, మొత్తం 22,000. ఇదే అంకె మర్నాడు బ్యాంకు కౌంటర్ దగ్గరా కనిపించాలి. బ్యాంకుకి ఇద్దరు వెళ్లాలి, ఒకరు లీడరైతే రెండోవారు మామూలు సభ్యురాలు, ప్రతి నెలా వేరే మనిషి. ఆ రాత్రికి డబ్బు ఎవరింట్లో ఉంటుందో కూడా పుస్తకంలో రాయండి. 'ఒక్క రోజే కదా, రేపు సర్దుతా' అని ఇంటి అవసరానికి 500 వాడుకోవడంతోనే ఎంతోమంది మంచి లీడర్ల పేరు చెడింది. ఆ 500 మర్నాడు సర్దినా సరే, వాడుకున్నారన్న మాట ఊళ్లో ఉండిపోతుంది.

ఆటో ఖర్చుల విషయం కూడా తేల్చుకోండి. చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఎక్కువ గొడవలకు మూలం ఇదే. బ్యాంకుకి పోయిరావడానికి ఇద్దరికీ 80 రూపాయలైతే, నెలకు 80 సంఘం నిధిలోంచి ఇవ్వాలని తీర్మానం రాసుకోండి. అలా రాయకపోతే లీడరు నాలుగైదు నెలలు సొంత డబ్బు పెడుతుంది. ఆ తర్వాత విసుగొచ్చి లోను వచ్చిన రోజు 'ఖర్చులకి తలా 300' అంటుంది. ఆ 300కి లెక్క ఉండదు. ఖర్చు 80 అని ముందే రాసి ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు, మీరూ నష్టపోరు.

ఇక ఆ ఇద్దరి సంగతి. మీటింగులో అందరి ముందు నిలదీయవద్దు. మీటింగుకి రెండు మూడు రోజుల ముందు మీరు, ఆమెకు దగ్గరైన మరో సభ్యురాలు కలిసి ఇంటికి వెళ్లండి. సాయంత్రం ఇంటాయన, అత్తగారు ఉన్నప్పుడు కాకుండా ఆమె ఒంటరిగా ఉన్న వేళ చూసి వెళ్లండి. అడగాల్సింది ఒక్కటే: 'వదినా, ఏమైంది?' కట్టకపోవడానికి కారణాలు సాధారణంగా మూడు నాలుగే. ఇంట్లో జబ్బు, పంట పోవడం, లోను డబ్బు భర్త తీసుకోవడం, లేదా అసలు ఆ 60 వేలు ఆమె వాడుకోకపోవడం. ఈ చివరిదాన్ని తప్పకుండా అడిగి తెలుసుకోండి. ఆమె పేరు మీద తీసిన డబ్బును ఇంకొకరు, ఒక్కోసారి పాత లీడరే, వాడుకుని ఉండొచ్చు. అలాంటప్పుడు ఈమెను ఎన్నిసార్లు అడిగినా రూపాయి రాదు. వాడుకున్నవారి చేత కట్టించాలి, అది మీ ఒక్కరి వల్ల అయ్యేది కాదు, గ్రామ సంఘాన్ని కూర్చోబెట్టాల్సిందే.

కారణం నిజమైన కష్టమైతే దారి ఉంది. మూడు నెలలకు ఒక్కొక్కరి బకాయి 6,000. దాన్ని ఒక్కసారే కట్టమంటే ఆమె సంఘానికి రావడమే మానేస్తుంది. మామూలు 2,000 మీద నెలకు 1,000 అదనంగా, ఆరు నెలల్లో తీరేలా ఆమె నోటితోనే ఒప్పించి, మీటింగులో తీర్మానం రాయండి. ఈలోగా సంఘం పొదుపులోంచి ఆమె తరఫున కట్టింది ఎంతో, దాన్ని ఆమెకిచ్చిన అప్పుగా పుస్తకంలో రాయాలి. 'సర్దుబాటు' అని రాసి వదిలేస్తే ఆరు నెలలకు అది ఎవరి సొమ్మో ఎవరికీ తెలియదు. మీ జేబులోంచి గుట్టుగా కట్టి ఆదుకోవాలని మాత్రం చూడకండి. ఒక నెల కట్టారంటే పై నెల ఇంకో ఇద్దరు మీ వంకే చూస్తారు, కట్టగల స్తోమత ఉన్నవాళ్లు కూడా.

ఇంటి ముందు కూర్చోవడం, గ్యాస్ బండ పట్టుకుపోవడం, పిల్లల ముందు తిట్టడం ఎంత కోపం వచ్చినా వద్దు. సూక్ష్మరుణ కంపెనీలు అలాంటి వసూళ్లతో మన పల్లెల్ని ఎంత ఏడిపించాయో, చివరికి 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా ఎలా పోయిందో మీ ఊళ్లో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అయితే మెత్తగా ఉండటమంటే ఊరుకోవడమనీ అనుకోవద్దు. కిస్తీ 90 రోజులు దాటి బకాయి పడితే బ్యాంకు మీ లోనును మొండి బాకీ కింద రాస్తుంది. అప్పుడు పది మందికీ కొత్త లోను ఆగిపోతుంది, సకాలంలో కట్టే సంఘాలకిచ్చే వడ్డీ రాయితీ పోతుంది. మీది మూడో నెల నడుస్తోంది కాబట్టి ఆలస్యం చేయకుండా ఈ వారమే ఆ ఇళ్లకు వెళ్లండి.

హుషారు గురించి అడిగారు. మీ మీటింగుకి ఆరుగురు రాకపోవడానికి సోమరితనం కారణమని మేం అనుకోం. అక్కడ డబ్బు ఇవ్వడం తప్ప వాళ్లకి వేరే పని లేదు. డబ్బు ఇవ్వడానికి పిల్లాడు చాలు కదా. మనిషే రావాలంటే అక్కడ ఆమె తేల్చాల్సిన విషయం ఏదో ఉండాలి. అది అంతర్గత అప్పు. మీ పది మంది తలా 200 చొప్పున అయిదేళ్లు దాచుకున్నా 1,20,000. అది పొదుపు ఖాతాలో ఊరికే పడి ఉంటుంది, అదే సభ్యురాలు బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెస్తుంది. పిల్లల ఫీజుకి 10,000 తెచ్చి ఆరు నెలలకు తీరిస్తే బయట వడ్డీ 1,800. సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి ఇస్తే 600, ఆ 600 కూడా పది మంది నిధిలోకే తిరిగి వస్తుంది. ఈ లెక్క ఒక్కసారి చాప మీద వేసి చూపించండి. మళ్లీ మీటింగులో అప్పు ఎవరికి, ఎంత, ఎందుకు, ఎన్నాళ్లకు అన్నది అందరూ కలిసి తేల్చాలి. ఎవరి అవసరం ముందు అన్న దాని మీద వాదన జరుగుతుంది, జరగనివ్వండి. ఆ వాదన కోసమే మనుషులు వస్తారు. మీటింగుకి వచ్చినవాళ్లకే అప్పు అన్న నియమం కూడా అందరి ఒప్పుదలతో పెట్టుకోవచ్చు. పురిటికో, ఆసుపత్రికో వెళ్లి రాలేకపోయినవాళ్లకు మినహాయింపు ఉండాలి.

మీ వంతు అప్పు మాత్రం మొదటి రెండు మూడు నెలలు అడగకండి. తప్పనిసరైతే ఆ మాట తేల్చేటప్పుడు పుస్తకం రెండో లీడరుకి ఇచ్చి, మీరు మామూలు సభ్యురాలిగా అడగండి.

మాట్లాడే భయానికి కూడా ఇందులోనే ఉపాయం ఉంది: అందరికన్నా చివర మాట్లాడండి. లీడరు ముందే 'నా అభిప్రాయం ఇది' అంటే మిగతావాళ్లు తలూపి ఊరుకుంటారు. ఎప్పుడూ నోరు విప్పని మనిషిని పేరు పెట్టి, వరుస పెట్టి అడగండి: 'పిన్నీ, నువ్వేమంటావు?' ఆమె ఒక్క మాట చెప్పినా దాన్ని తీర్మానంలో ఆమె పేరుతో రాయించండి. పై నెల పుస్తకం చదివినప్పుడు తన పేరు వినపడితే ఆ మనిషిలో వచ్చే తేడా మీకే కనిపిస్తుంది. మెచ్చుకోవడం కూడా ఫలానా పనికి ఫలానా అని చెప్పాలి. 'అందరూ బాగా చేస్తున్నారు' అంటే ఎవరి చెవికీ ఎక్కదు. 'పనుల్లేని నెలలో కూడా వదిన కిస్తీ ఆపలేదు' అంటే ఆ మాట ఆమె ఇంటిదాకా పోతుంది.

తెలియని విషయం అడిగితే 'తెలీదు, గురువారం బ్యాంకులో కనుక్కుని చెప్తా' అనండి. గురువారం కనుక్కోండి, చెప్పండి. 'ఈసారి 20 లక్షలు ఇస్తారంట' లాంటి మాటలు బ్యాంకు మంజూరు కాగితం చేతికి రాకముందు అనొద్దు. ఆ మాట నమ్మి ఇంకో చోట అడ్వాన్సు ఇచ్చుకునేవాళ్లు ఉంటారు.

ఇంకో సంగతి, కొంచెం ఇబ్బందికరమైనదే. ఏ పార్టీ మీటింగుకో మనుషుల్ని తీసుకురమ్మని మీ మీద ఒత్తిడి వస్తుంది. రాకపోతే లోను ఆగుతుందనో, జరిమానా వేస్తామనో సభ్యులతో చెప్పమంటారు. ఆ బెదిరింపు మీ నోట రానివ్వకండి. 'ఫలానా మీటింగు ఉంది, ఇష్టమున్నవాళ్లు రండి' అని చెప్పి వదిలేయండి. బ్యాంకు లోను మీ పొదుపు, మీ కిస్తీలు, మీ పుస్తకాల మీద వస్తుంది, బస్సులో కూర్చున్నందుకు రాదు. కూలి పోగొట్టుకుని ఎండలో నిలబడి వచ్చిన మనిషి పై నెల మీటింగుకి ఎందుకు వస్తుంది?

మీ తర్వాత ఎవరన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. రెండేళ్లకు లీడర్లు మారాలని తీర్మానం రాసి, మారే తేదీ కూడా అందులో పెట్టండి. రెండో లీడరు చేత మూడో నెల నుంచే ఒక మీటింగు పూర్తిగా నడిపించండి, మీరు పక్కన కూర్చుని చూడండి. పుస్తకాలు రాయడానికి గ్రామ సంఘం సహాయకురాలు (వీఓఏ) వస్తున్నా, సంఘంలో చదువుకున్న ఇంకొకరికి, సభ్యురాలి కూతురైనా సరే, నగదు పుస్తకం రాయడం నేర్పించండి. వీఓఏ రాని నెలలో పుస్తకం ఖాళీగా ఉండిపోకూడదు.

ఈ వారం ఆ ఇద్దరి ఇళ్లకు వెళ్లి రండి, సంతకాల మార్పుకి బ్యాంకుకి వెళ్లండి. స్టేట్‌మెంట్లలో ఆ 4,000 తేడా కనిపిస్తే, లేదా 60 వేలు వేరేవాళ్లు వాడుకున్నారని తేలితే మళ్లీ రాయండి. గ్రామ సంఘంలో ఆ విషయం ఎలా పెట్టాలో, ఏ కాగితాలు తీసుకెళ్లాలో విడిగా చెప్తాం.